రెండు వేళ్ళ మడత

యూనిఫారాల టైలరమ్మ అంటే ఆ నాలుగు వీధుల్లో తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదేమో. ఇంటి ముందు గదే ఆమె దుకాణం. కిటికీ పక్కన కుట్టుమిషను, దాని పక్కన ఇస్త్రీ బల్ల, గోడ పొడుగునా మేకులు, మేకులకు వేలాడే నీలం స్కర్టులు, తెల్ల చొక్కాలు. మెడలో ఎప్పుడూ టేపు. స్నానానికి వెళ్ళేటప్పుడైనా దాన్ని తీస్తావా లేదా అని భర్త వేళాకోళం చేసేవాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. తెల్లారకముందే వెళ్ళి పొద్దుగూకాక వచ్చేవాడు. పగలంతా రోడ్డు మీద అరిచి అరిచి, ఇంటికొచ్చాక మాట్లాడే ఓపిక ఉండేది కాదు.

బడులు తెరిచే ముందు తల్లులు పిల్లల్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చేవాళ్ళు. అందరిదీ ఒకటే పాట. "పెరిగే పిల్ల టైలరమ్మా, రెండేళ్ళు రావాలి, లోపల గుడ్డ బాగా వదులు." ఆమె వదిలేది. స్కర్టు అంచున నాలుగు వేళ్ళ గుడ్డ లోపలికి మడిచి కుట్టేది. పిల్ల ఎదిగి స్కర్టు పొట్టయితే మళ్ళీ తెచ్చేవాళ్ళు. రెండు వేళ్ళు విప్పి, పాత మడత గీత కనబడకుండా నీళ్ళు చిలకరించి ఇస్త్రీ చేసి, అచ్చం కొత్తదానిలా చేతిలో పెట్టేది. ఎవరి పిల్ల ఎంత ఎదిగిందో కన్నతల్లి కంటే ముందు ఈమెకే తెలిసేది. "మీ పిల్ల తాడిలా సాగుతోందమ్మా" అని నవ్వుతూ చెప్పేది. చెప్పినప్పుడల్లా లోపలెక్కడో కలుక్కుమనేది, ఎందుకంటే ఆ మాట తన పిల్ల గురించి అనే అవకాశం ఆమెకి ఎన్నడూ రాలేదు.

ఉన్నది ఒక్కతే కూతురు. పుట్టడమే చిన్నగా పుట్టింది. వేళకే బోర్లాపడింది, వేళకే నడిచింది, మాటలైతే అందరికంటే ముందే వచ్చాయి. నోరు విప్పిందంటే ఎదుటివాళ్ళకి ఊపిరాడేది కాదు. చదువులో చురుకు. పైకి కనబడే జబ్బేమీ లేదు. ఎత్తు ఒక్కటే లేదు. చిన్నప్పుడు ఆ పొట్టితనం అందరికీ ముద్దొచ్చింది. చంకనెత్తుకుని "ఇంతలేసి మాటలు ఎక్కడ దాచావే" అని బుగ్గలు పుణికేవాళ్ళు. ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి ఆ ముద్దు కాస్తా వెక్కిరింతలోకి దిగింది. బళ్ళో 'బుడంకాయ' అని పేరు పెట్టారు.

ఒకరోజు సాయంత్రం పిల్ల సంచీ గిరాటేసి, మిషను కింద కాళ్ళ దగ్గర ముడుచుకుని కూర్చుంది. తల్లి అడగ్గా అడగ్గా చివరికి వెక్కుతూ చెప్పింది. కొత్తగా వచ్చిన టీచరు ఉదయం వరసలో నిలబెట్టేటప్పుడు ఈ పిల్లని భుజం పట్టి పక్కకి తీసుకెళ్ళి, "నీ వరస అక్కడ కాదు పాపా, ఇక్కడ" అని చిన్న తరగతి పిల్లల్లో నిలబెట్టిందట. తరగతి తరగతంతా పగలబడి నవ్విందట.

"అమ్మా, నేనెప్పుడు పెరుగుతాను?" అంది.

"పెరుగుతావే, తొందరేముంది" అంది తల్లి. ఆ మాటలో పస లేదని పిల్లకీ తెలిసిపోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ ఏడు సెలవుల్లో టైలరమ్మ ఒక పని చేసింది. పిల్ల వీధిలో ఆడుకుంటుండగా దాని స్కర్టు తీసి, అంచు రెండు వేళ్ళు పైకి మడిచి కుట్టేసింది. ఇస్త్రీ చేసి, కుట్టు ఎక్కడా అనుమానం రాకుండా సరిచేసి, మడిచి పెట్టెలో పెట్టింది. బడి తెరిచే రోజు పిల్ల స్కర్టు వేసుకుంది. మోకాలి కిందికి ఉండాల్సింది మోకాలి పైకి వచ్చింది.

"అయ్యో, ఇదేమిటే! పోయినేడు సరిపోయిందే! ఎంత ఎదిగిపోయావే నువ్వు!" అని తల్లి నోటి మీద చెయ్యేసుకుంది. పిల్ల ముఖం చూడాలి అప్పుడు! ఎగిరి గంతేసి, అద్దం దగ్గరికి పరుగెత్తి, అటు తిరిగి ఇటు తిరిగి చూసుకుంది. తల్లి ముందు గదిలో అందరూ చూస్తుండగానే ఆ కుట్టు విప్పింది. యూనిఫారాల కోసం వచ్చిన తల్లులు "మీ అమ్మాయీ సాగిందన్నమాట" అన్నారు. తండ్రి డ్యూటీకి వెళ్ళబోతూ ఆగి, కూతురి నెత్తి మీద చెయ్యేసి, "చూశావా? నేను చెప్పలా?" అన్నాడు. ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నంత సంతోషం మళ్ళీ ఎప్పుడూ లేదు.

ఒక్కసారికే అనుకుంది. పిల్ల మనసు కుదుటపడితే చాలు, ఈలోగా అదే పెరుగుతుంది అనుకుంది. కానీ మరుసటి ఏడు సెలవులు మొదలైన దగ్గర్నుంచే పిల్ల "అమ్మా, ఈసారి ఎన్ని వేళ్ళు పొట్టవుతుందంటావు?" అని అడగడం మొదలుపెట్టింది. లేదని ఎలా చెబుతుంది? మళ్ళీ మడిచింది. మళ్ళీ విప్పింది. ఆ పై ఏడూ అంతే. స్కర్టు చిరిగితే పాత కొలతలకే, ఏ కొద్దో కలిపి, కొత్తది కుట్టేది. మొదట వదిలిన నాలుగు వేళ్ళ గుడ్డ ఏ స్కర్టులోనూ వెలుగు చూడలేదు. తనే మడవడం, తనే విప్పడం. కన్నకూతురికి అరచేతిలో వైకుంఠం చూపించడం ఆమెకి ఏటేటా చేతికొచ్చిన పనైపోయింది.

ఇక్కడ ఆమెని నాలుగు దులపాలనిపిస్తుంది ఎవరికైనా. పిల్ల కొలతలు చేతిలో ఉన్న మనిషి. ఎదుగుదల ఆగిందని అందరికంటే ముందు తెలిసిన మనిషి. తెలియక కాదు. అసలు భయం మొదలైందే ఆమెకి. పిల్లకి పదో ఏడు వచ్చినప్పుడే మొగుడి దగ్గర నసిగింది.

"ఒకసారి డాక్టరుకి చూపిద్దామండీ. పిల్ల ఎదుగుదల నాకేం బాగున్నట్టు లేదు."

"నీకేమైనా మతిపోయిందా? మొన్ననేగా రెండు వేళ్ళు విప్పావు!" అన్నాడాయన. "మా ఇంటా వంటా అంతే. నేను మీసాలొచ్చేదాకా మా అమ్మ చంకలో ఉన్నట్టే ఉండేవాణ్ణి. తర్వాత ఒక్కసారిగా లేచాను. దానికీ టైమొస్తుంది."

నిజం చెప్పడానికి నోరు తెరిచింది. పక్క గదిలో పిల్ల పాఠం చదువుతోంది. రెండు గదుల ఇల్లది, గుసగుస కూడా గోడ దాటిపోతుంది. 'నేనే మడిచాను' అన్న మాట దాని చెవిన పడితే? తల్లి నోరు మూసుకుంది. మర్నాడు మందుల షాపులో అడిగి ఏదో టానిక్కు తెచ్చింది. పిల్ల ముక్కు మూసుకుని సీసాలకు సీసాలు తాగింది. ఆకలి పెరిగింది గానీ పిల్ల పెరగలేదు.

పిల్లకి పద్నాలుగేళ్ళు దాటాయి. తరగతిలో ఆడపిల్లలంతా పెద్దమనుషులయ్యారు. మాటలు మారాయి, నడకలు మారాయి, ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు చెప్పుకునే కబుర్లు మారాయి. ఈ పిల్ల దగ్గరికొస్తే ఆపేసేవాళ్ళు. "నీకెందుకులేవే, చిన్నపిల్లవి" అనేవాళ్ళు, తన కంటే నెలలు చిన్నవాళ్ళు కూడా. గలగలలాడే నోరు మెల్లగా మూతపడింది. తల్లి మాత్రం ప్రతి నెలా ఏదో ఒక వంకన పిల్ల బట్టలు తనే ఉతికేది. వెతికేది. ఏమీ కనబడేది కాదు.

అలాంటప్పుడు ఆడపడుచు వచ్చింది, చేతిలో పెద్ద సంచీతో. ఆవిడ కూతురు ఈ పిల్ల కంటే రెండేళ్ళు చిన్నది. సంచీ బల్ల మీద బోర్లించింది. అన్నీ గౌన్లు.

"మా దానికి ఇవేవీ పట్టడం లేదు వదినా. మొన్న నెలలోనే పెద్దదయింది కదా, ఒక్కసారిగా ఇంతెత్తు లేచింది. పారేయడం ఎందుకని తెచ్చా. మీ దానికి ఇంకో మూడేళ్ళు ఢోకా లేదు."

కడుపులో ఏమీ పెట్టుకుని అనలేదు పాపం. మంచి మనసుతోనే తెచ్చింది. అదే మరీ మండింది టైలరమ్మకి. చిన్నవాళ్ళు విడిచినవి పెద్దవాళ్ళు తొడుక్కోవడం ఎక్కడైనా ఉందా? పిల్ల గుమ్మంలో నిలబడి అంతా విన్నది. వచ్చి ఒక గౌను తీసి భుజాలకి ఆనించుకుని చూసుకుంది.

"ఇది కూడా కొంచెం పొడుగే అత్తా" అంది. లోపలికెళ్ళి తలుపేసుకుంది.

ఆ సాయంత్రం బస్సు డ్రైవరు ఇంట్లో కాలు పెట్టీ పెట్టగానే భార్య కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. "రేపు మీరు సెలవు పెడతారో, ఉద్యోగమే మానేస్తారో నాకు తెలీదు. పిల్లని పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాం." ఆమె గొంతు ఎన్నడూ అలా లేవలేదు.

ఆసుపత్రి వరండాలో గంటల తరబడి బెంచీల మీద కూర్చున్నాక పిలుపొచ్చింది. డాక్టరమ్మ నడివయసు మనిషి, కళ్ళ కింద నలుపు, బయట ఇంకా అంత జనం. పిల్లని గోడకి నిలబెట్టి కొలిచింది, బరువు చూసింది, మెడ చూసింది, చేతులు చూసింది. పిల్లని స్టూలు మీద కూర్చోబెట్టి, తలెత్తకుండానే అడిగింది.

"ఎత్తు పెరగడం ఎప్పట్నుంచి ఆగిపోయింది?"

"ఆగడమేమిటండీ!" అన్నాడు తండ్రి. "కాస్త నెమ్మది గానీ, ఏటేటా పెరుగుతూనే ఉంది. బడి తెరిచేసరికి ప్రతిసారీ స్కర్టు రెండు వేళ్ళు పొట్టయిపోతుంది. మా ఆవిడ టైలరు. తనే విప్పుతుంది. నా కళ్ళారా చూశాను, కావాలంటే అడగండి."

డాక్టరమ్మ కలం ఆగింది. "ఏటా అంత పెరుగుతోందా? ఇంకా రజస్వల కాలేదంటున్నారు... మీ ఇంట్లో ఎవరైనా ఇలా ఆలస్యంగా ఎదిగారా?"

"నేనేనండీ! నేనే!" అన్నాడాయన గర్వంగా.

"అయితే కొందరు పిల్లలకి అలా ఆలస్యమవుతుంది. ఎదుగుదల ఆగనంతవరకూ మరీ కంగారు పడక్కర్లేదు. ఒక ఆరు నెలలు చూసి, అప్పటికీ మార్పు లేకపోతే తీసుకురండి. అప్పుడు పరీక్షలు రాస్తాను."

తండ్రి లేచి నిలబడ్డాడు కూడా. పిల్ల ముఖంలో చాన్నాళ్ళకి కాస్త వెలుగొచ్చింది. టైలరమ్మ కుర్చీలోంచి కదల్లేదు. లేచి నమస్కారం పెట్టి బయటికి నడిస్తే ఇంకో ఆరు నెలలు గంగలో కలిసినట్టే. అప్పటికి మళ్ళీ సెలవులొస్తాయి, మళ్ళీ పిల్ల అడుగుతుంది, మళ్ళీ తను మడుస్తుంది. పిల్లని బయటికి పంపి చెబుదామా అంటే, "నా ముందు చెప్పండి, నేనేం చిన్నపిల్లని కాదు" అని ఆ పిల్ల మొదటే పట్టుబట్టి కూర్చుంది.

"అది పెరగలేదండీ" అంది. డాక్టరమ్మ తలెత్తింది. మళ్ళీ అంది. "ఆ స్కర్టులు పొట్టవలేదండీ. నేనే మడిచి కుట్టేదాన్ని. పిల్ల ఏడుస్తోందని... సెలవుల్లో మడిచి, బడి తెరిచాక అందరి ముందూ విప్పేదాన్ని. ఏడెనిమిదేళ్ళప్పట్నుంచీ. ఆ తర్వాత అది పెద్దగా ఎదిగింది లేదు."

తండ్రి నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. పిల్ల తల వంచి తను వేసుకున్న స్కర్టు అంచుకేసి చూసుకుంది. వేళ్ళతో అంచు పట్టుకుని, కొంచెం తిప్పి, లోపలి మడత చూసింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

డాక్టరమ్మ రాసిన కాగితం చించి, వేరే కాగితం తీసుకుంది. రక్త పరీక్షలు, మణికట్టు ఎక్స్‌రే, కడుపు స్కానింగు, అన్నీ రాసింది. అన్నీ అయ్యాక, మళ్ళీ పిలిపించి, నెమ్మదిగా విడమరిచి చెప్పింది. ఇది పుట్టుకతో వచ్చిన లోపం. ఎవరి తప్పూ కాదు, తిండి తప్పూ కాదు. వేళకి ఈడేరకపోవడానికీ అదే కారణం. దానికి తర్వాత మాత్రలున్నాయి, అందరు ఆడపిల్లల్లాగే ఉంటుంది. ఎత్తుకి రోజూ ఇంజెక్షను చేయాలి. ఎముకలు ఎదిగే చోట్లు ఇంకా పూర్తిగా మూసుకోలేదు గానీ, మూసుకునే దారిలో ఉన్నాయి.

"ఎంత పెరుగుతుందండీ?" అని తల్లి అడిగింది.

"కొంచెం" అంది డాక్టరమ్మ. తర్వాత, అనకూడదనుకుంటూనే అనేసినట్టుంది, "ఏడెనిమిదేళ్ళప్పుడే తెచ్చి ఉంటే చాలా చేయగలిగేవాళ్ళం" అంది.

ఏడెనిమిదేళ్ళప్పుడు! తల్లి చెవిలో ఆ మాట దిగబడిపోయింది. సరిగ్గా అప్పుడే కదా మొదటిసారి సూదిలో నీలం దారం ఎక్కించింది.

ఇంటికొచ్చాక చెప్పులు విప్పుతూ డ్రైవరు ఒక్క మాటన్నాడు. "నీ అబద్ధాన్ని నా నోట పెట్టి, డాక్టరు ముందు నా చేత చెప్పించావు." ఆమెకి ఒళ్ళు మండింది. పదో ఏట చూపిద్దామన్నది ఎవరు? వద్దన్నది ఎవరు? కూతురు ఎంత ఉందో కళ్ళతో చూసుకోవడం మానేసి స్కర్టుకేసి చూసిన తండ్రి ఈయన. అవన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. ఒక్కటీ అనలేకపోయింది. ఆయన తప్పు ఎంతైనా ఉండనీ, ఆ స్కర్టు కుట్టిన చెయ్యి తనది.

పిల్ల అరవలేదు, అలగలేదు. మామూలుగా తిన్నది, మామూలుగా బడికెళ్ళింది. కానీ తల్లి టేపు పట్టుకుని దగ్గరికొస్తే పక్కకి తప్పుకునేది. ఇంజెక్షను రోజూ చేయాలి, ఇంట్లోనే చేసుకోవచ్చని నర్సు చూపించింది. తల్లి జీవితమంతా సూదితోనే గడిచింది, ఆమె చెయ్యి వణకదు. అయినా పిల్ల తండ్రి ముందే జబ్బ చాచి కూర్చునేది. బస్సు స్టీరింగు తిప్పిన ఆ మోటు చేతులు సన్నటి సూది పట్టుకుని తడబడేవి. పిల్ల పళ్ళు బిగించుకునేది. తల్లి గుమ్మంలో నిలబడి చూసేది. "నేను చేస్తానే" అని ఒకసారి అంది. "వద్దు, నాన్న చేస్తాడు" అంది పిల్ల. అంతే, మళ్ళీ అడగలేదు.

కొత్త యూనిఫారం కూడా తల్లిని కుట్టనివ్వలేదు. పాతదే చాలంది. బజారుకెళ్ళి రెడీమేడ్ చొక్కా, చిన్నపిల్లల సైజుది, కొనుక్కుంది. ఊరందరి పిల్లలకీ కుట్టే టైలరమ్మ కూతురు రెడీమేడ్ తొడిగిందని వీధిలో నవ్వుకున్నారు. ఆమె తల వంచుకుని మిషను తొక్కింది. పిల్లలు సాగుతూనే ఉన్నారు, తల్లులు తెస్తూనే ఉన్నారు. ఎవరి స్కర్టు మడతైనా విప్పేటప్పుడు, "ఎంత ఎదిగిందమ్మా మీ అమ్మాయి" అని అనడం మాత్రం మానేసింది.

నెలలు గడిచాయి. ఒక ఉదయం పిల్ల బడికి తయారై, అలమర పై అరలో ఉన్న పుస్తకం కోసం చెయ్యి చాచింది. తల్లి కాజాలు కుడుతూ యథాలాపంగా తలెత్తింది. స్కర్టు అంచు మోకాలి మీద ఉంది. పుస్తకం తీసుకుని మామూలుగా నిలబడ్డాక కూడా అక్కడే ఉంది. పట్టి చూసే కన్ను ఆమెది, పొరపాటు పడదు. వేలెడు. నిఖార్సైన వేలెడు! ఆసుపత్రికెళ్ళిన రోజు నుంచి ఆ స్కర్టుని ఉతకడానికి తప్ప ఆమె ముట్టుకోలేదు.

చేతిలో గుడ్డ జారిపోయింది. "పొట్టయిందే! నీ స్కర్టు పొట్టయిందే తల్లీ!" అని అరిచేసింది. అరిచాక తెలిసింది, ఏటేటా అరిచిన అరుపే అది. మాటా అదే, గొంతూ అదే.

పిల్ల కిందికి చూసుకుంది. ఒక్క క్షణం ముఖం విప్పారబోయింది. అంతలోనే మూసుకుపోయింది.

"మళ్ళీ మొదలుపెట్టావా అమ్మా?"

"లేదే! నీ మీద ఒట్టు. ఇదిగో చూడు, కుట్టు చూడు, ఎక్కడా విప్పిన జాడ లేదు..." తల్లి మోకాళ్ళ మీద కూర్చుని అంచు తిరగేసి చూపించింది. చేతులు వణుకుతున్నాయి.

"నువ్వు కుడితే జాడ ఎక్కడుంటుంది?" అంది పిల్ల. కోపంగా కూడా అనలేదు. "అంత బాగా కుడతావుగా."

"పోనీ కొలుచుకో. ఇప్పుడే కొలుచుకో. నేను ముట్టుకోను" అని మెడలోంచి టేపు తీసి చాచింది.

పిల్ల టేపు అందుకుంది. గోడ దగ్గరికి వెళ్ళలేదు. టేపు కొస దగ్గరికి తెచ్చుకుని, అంకెలు ఒకటి నుంచే మొదలయ్యాయో లేదో చూసింది. చివర ఉండే ఇత్తడి రేకు ఎక్కడైనా కత్తిరించి మళ్ళీ అతికించిందేమోనని వేలితో తడిమి చూసింది.